రోటీ లెక్క, పేరు లెక్క

లేబర్ పార్టీ అంటే మన పెద్దల తరానికి ఒకటే గుర్తు. 1947లో మన దేశానికి అధికారం అప్పగించిన అట్లీ పార్టీ. వామపక్ష మిత్రులకు ఇంకో గుర్తు కూడా ఉంది. బొగ్గు గనుల్నీ రైళ్లనీ జాతీయం చేసి, 1948 జులై 5 నుంచి అందరికీ ఉచిత వైద్యం ఇచ్చిన పార్టీ. రెండూ నిజమే. కానీ ఇక్కడ ముస్లింలుగా, తెలుగువాళ్లుగా బతుకుతున్న మేం ఆ చరిత్రను మరో ప్రశ్నతో చదువుకోవాలి. ఆ సంక్షేమ రాజ్యం ముసల్మానుని ఏ పేరుతో గుర్తుపట్టింది?

యుద్ధం అయ్యాక బ్రిటన్‌కి పనివాళ్లు కావాల్సి వచ్చింది. 1948 జాతీయతా చట్టం కామన్వెల్త్ దేశాల వాళ్లకు దారి తెరిచింది. మంగ్లా డ్యాం కింద ఊళ్లు మునిగిన మీర్‌పూర్ జనం బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులకు చేరారు. సిల్హెట్ వాళ్లు తూర్పు లండన్‌లో బట్టలు కుట్టే కార్ఖానాలకు చేరారు. తెల్ల కార్మికులు వద్దనుకున్న రాత్రి షిఫ్టులు వీళ్ల పాలయ్యాయి. పన్నులు కట్టారు, జబ్బు చేస్తే సర్కారు ఆసుపత్రికి పోయారు, పిల్లల్ని సర్కారు బడికి పంపారు. సంక్షేమం వీళ్లకీ అందింది. ఈ మాట ఒప్పుకున్నాకే మిగతా మాట మాట్లాడాలి.

1968లో లేబర్ ప్రభుత్వం రెండు పనులు చేసింది. బ్రిటిష్ పాస్‌పోర్టులున్న కెన్యా ఆసియావాసులు రాకుండా కొద్ది రోజుల్లోనే ఒక చట్టం తెచ్చి తలుపు మూసింది. అదే ఏడాది ఉద్యోగంలో, అద్దె ఇళ్ల దగ్గర జాతి వివక్ష చూపడం నేరుగా చట్టవిరుద్ధమంది. బయటివాళ్లను ఆపితేనే లోపలున్నవాళ్లను కాపాడగలమన్నది వాళ్ల మధ్యేమార్గపు లెక్క.

1976లో మరింత గట్టి చట్టం వచ్చింది. ఒంటి రంగు, జాతి, జాతీయత, పుట్టుక - ఈ నాలుగింటి పేరిట వివక్ష కూడదంది. మతం ఊసు ఎత్తలేదు. తలపాగా తీస్తేనే బడిలో చేర్చుకుంటామన్నారని ఒక సిక్కు కుటుంబం కోర్టుకెక్కితే, 1983లో ప్రభువుల సభ సిక్కులు ఒక జాతి సమూహమేనని తీర్పు చెప్పింది. యూదులకూ ఆ రక్షణ ఉంది. ముస్లింలకు మాత్రం లేకపోయింది. ఎన్నో దేశాలవాళ్లు, ఎన్నో భాషలవాళ్లు కాబట్టి మీరు ఒక జాతి కారు పొమ్మన్నారు. పాకిస్తానీనని కొలువు ఇవ్వకపోతే ఫిర్యాదు చెయ్యొచ్చు. ముస్లింనని ఇవ్వకపోతే ఆ పేరు మీద ఫిర్యాదు లేదు. ఇస్లాం తీసుకున్న తెల్లవాడికైతే ఆ చట్టంలో అసలు చోటే లేదు.

మతాన్ని చట్టంలో రాయడం వాళ్లకు తెలియక కాదు. అదే 1976లో, అదే లేబర్ హయాంలో, ఉత్తర ఐర్లండ్‌లో ఉద్యోగాల్లో మత వివక్షను నిషేధిస్తూ చట్టం చేశారు. కాథలిక్కుల అన్యాయం మతం పేరుతోనే కనిపించింది. సముద్రానికి ఇవతల బ్రాడ్‌ఫర్డ్ ముసల్మాను అన్యాయం మాత్రం ఒంటి రంగుగానే కనిపించింది.

ఇంతలో మిల్లులు మూతపడ్డాయి. తక్కువ జీతాల రంగాల్లో కనీస వేతనం నిర్ణయించే వేజెస్ కౌన్సిళ్లను 1993లో కన్సర్వేటివ్ ప్రభుత్వం దాదాపుగా ఎత్తేసింది. 1997లో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారం పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల్లో ప్రతి 5లో 4కి పైగా దేశ సగటు ఆదాయంలో సగం కూడా లేనివే. ఆ ఏడాదే గెలిచిన లేబర్, 1999 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ గంటకు 3.60 పౌండ్ల కనీస వేతనం పెట్టింది. ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసే ఆడవాళ్లను కూడా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంది. ఇది మతం అడగని మేలు. వర్గం మాట ఎందుకు వదలకూడదో ఇక్కడ తెలుస్తుంది.

అయితే పేరు లెక్క వేరుగా తేలాల్సి వచ్చింది. క్రైస్తవ, యూదు బడులకు ఎప్పట్నించో అందుతున్న సర్కారు డబ్బు 1998లో గానీ ముస్లిం బడికి అందలేదు. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో మతం గురించిన ప్రశ్న చేరింది. ఉద్యోగాల్లో మత వివక్షపై నిషేధం 2003 డిసెంబరులో వచ్చింది, అదీ యూరోపియన్ యూనియన్ 2000లో ఇచ్చిన ఆదేశం వల్ల. 1976 నుంచి 27 ఏళ్లు! సరుకులకూ సేవలకూ ఆ రక్షణ విస్తరించింది 2006 చట్టంతోనే.

అదే 2003లో అదే ప్రభుత్వం ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపింది. 2005లో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ అండ్ బో లేబర్ చేజారింది. 2024లో గాజా కోపంతో లేబర్‌కు కంచుకోటలనుకున్న చోట్ల నలుగురు ముస్లిం ఇండిపెండెంట్లు గెలిచారు. పేదలు కాబట్టి మనల్ని వదిలి ఎక్కడికి పోతారులే అనుకున్న పార్టీకి, వాళ్లకు పేదరికంతో పాటు ఇజ్జత్ కూడా ఉందని తెలిసొచ్చింది.

ఈ మాట మేం దూరదేశం ముచ్చటగా చెప్పడం లేదు. ముస్లిం అని విడిగా మాట్లాడితే వర్గ ఐక్యత చెడుతుందని మా మిత్రులు మాకూ చెబుతూ వచ్చారు. మన దగ్గర 2006లో సచార్ కమిటీ ముస్లింల చదువు, కొలువు, బ్యాంకు అప్పు లెక్కలను ముస్లింల పేరు మీదే తీసింది. అప్పుడే దేశానికి మా పేదరికం అంకెల్లో కనిపించింది. 2007లో ఆంధ్రప్రదేశ్ వెనకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు కూడా ఆ సమూహాల పేర్లు రాయక తప్పలేదు. కూలి రేటు పెంచమని అందరితో కలిసి అడుగుతాం. మా పేరు రాసి లెక్క తియ్యమనీ అడుగుతాం. మొదటిది అడిగేటప్పుడు రెండోది మానుకొమ్మంటే, బ్రాడ్‌ఫర్డ్ ముసల్మాను ఎదురుచూసిన 27 ఏళ్లు గుర్తుచేస్తాం.