కోలారు సీమ తెలుగువారు: స్వాతంత్ర్యము, రాష్ట్ర పునర్విభజన

1956 నవంబరు 1వ తేదీన దక్షిణదేశపు పటము మారినది. ఆంధ్రప్రదేశము, విశాల మైసూరు రాష్ట్రము ఒకే దినమున అవతరించినవి. భాషను బట్టి ఎల్లలు దిద్దుటయే ఆ మార్పునకు మూలసూత్రము. అయినను, 1951 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు సగమునకు మించియుండిన ఒక జిల్లా మాత్రము, ఆ దినమున కదలక మెదలక, తాను మునుపున్న చోటనే నిలిచిపోయినది. అదియే కోలారు జిల్లా.

దీనికి కారణమేమని యడిగినచో, జిల్లాలోని పెద్దలు సాధారణముగా ఒక్క మాటతో ముగింతురు: "బంగారము కొరకు మైసూరువారు విడువలేదు." ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని అదియే సర్వము అనుకొనుట చరిత్రకు న్యాయము కాదు. బంగారమునకంటె ముందు రెండు సంగతులు విచారింపవలసియున్నవి. ఒకటి, ఈ సీమవారు స్వాతంత్ర్యము కొరకు ఎవరితో కలిసి, ఎవరిపై పోరాడిరి అనునది. రెండవది, విభజనవేళ కొలబద్దగా గ్రహింపబడినది ఊరా, తాలూకాయా, జిల్లాయా అనునది.

మొదటి సంగతి. ఆంధ్రోద్యమము 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్ర మహాసభతో రూపు దాల్చినది. అది ప్రధానముగా మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల ఉద్యమము. ఉద్యోగములలో, చదువులలో, శాసనసభలో తమిళులతో పాటు సమాన స్థానము లేదను బాధ దానికి ఊపిరి. 1920 నాగపూరు కాంగ్రెసు తరువాత కాంగ్రెసు సంఘములు భాషల వారీగా ఏర్పడినప్పుడును, సంస్థానముల ప్రజలు ఆ యేర్పాటునకు ఇంచుమించు వెలుపలనే యుండిరి. కోలారు తెలుగువానికి మద్రాసుతో తగవు లేదు. వాని పన్నులు మైసూరునకు పోయెడివి. వాని కోర్టు, వాని అమలుదారు, వాని పోలీసు అన్నియు మైసూరువే. కావున వాని పోరాటమును మైసూరు దివానుతోనే. పలమనేరులోని తెలుగువాడు ఆంధ్ర రాష్ట్రము కావలెనని కోరుచున్న కాలమున, పది పదునైదు క్రోసుల దూరమునగల ముళబాగిలు తెలుగువాడు బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని కోరుచుండెను. మాట ఒకటే, ఉద్యమములు రెండు. ఆ రెండును కలిసికొన్నది లేదు.

ఇందుకు విదురాశ్వత్థము కంటె గొప్ప సాక్ష్యము వేరొకటి యక్కరలేదు. గౌరిబిదనూరు తాలూకాలో ఉత్తర పినాకినీ తీరమున, హిందూపురమునకు సమీపముననున్న పుణ్యక్షేత్రమిది. విదురుడు నాటిన అశ్వత్థ వృక్షమని స్థలపురాణము. సంస్థానములో కాంగ్రెసు జెండాను ఎగురవేయుటకు సర్కారు ఒప్పుకొనని 1938వ సంవత్సరమది. ఆ యేప్రిలు నెలలో మండ్య ప్రాంతమున శివపురములో ధ్వజ సత్యాగ్రహము జరిగినది. అదే నెల 25వ తేదీన విదురాశ్వత్థములో గుమిగూడిన జనముపై మైసూరు పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారి సంఖ్య విషయమున సర్కారు లెక్కకును ప్రజల లెక్కకును పొత్తు కుదరలేదు, నేటికిని కుదరలేదు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వేపా రామేశముగారి అధ్యక్షతన విచారణ జరిగినది. సర్దారు పటేలు దివాను మీర్జా ఇస్మాయిలుతో మాటలాడిన పిమ్మట, సంస్థానములో త్రివర్ణ పతాకకు మన్నన దొరకినది. ఆ చెట్టు క్రింద నిలిచినవారిలో తెలుగు మాటలాడువారు ఎందరు, కన్నడము మాటలాడువారు ఎందరు అని నాడు ఎవరును లెక్కింపలేదు. లెక్కింపవలెనను తలంపే ఎవరికిని కలుగలేదు.

రెండవ సాక్ష్యము ఒక మనిషి. క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డిగారు బంగారు గనుల పొరుగు గ్రామమున పుట్టిన తెలుగు ఇంటి బిడ్డ. మైసూరు కాంగ్రెసునకు అధ్యక్షుడుగా నుండిన నాయకుడు. 1947 ఆగస్టు 9వ తేదీన మహారాజు జయచామరాజ ఒడెయరు ఇండియా యూనియనులో చేరుటకు సంతకము చేసెను గాని, ఆ పత్రము రక్షణ, విదేశాంగము, రవాణా సంబంధములను మాత్రమే కేంద్రమునకు అప్పగించినది. ఇంటి పాలన దివాను ఆర్కాటు రామస్వామి మొదలియారు చేతిలోనే మిగిలినది. ఆగస్టు 15వ తేదీన దేశమంతటికి స్వాతంత్ర్యము వచ్చినది. మైసూరు ప్రజలకు మాత్రము సగమే వచ్చినది. తక్కిన సగము కొరకు సెప్టెంబరు నెలలో 'మైసూరు చలో' ఆందోళన సాగినది. తుదకు మహారాజు దిగివచ్చి బాధ్యతాయుత ప్రభుత్వమునకు ఒప్పుకొనగా, అక్టోబరు 25వ తేదీన చెంగలరాయ రెడ్డిగారు మైసూరునకు మొదటి ముఖ్యమంత్రి యైరి. 1952 వరకును ఆ పదవిలో నుండిరి.

ఈ వరుసను గమనింపుడు. పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో 1952 అక్టోబరు 19వ తేదీన నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15వ తేదీన ప్రాణములు విడుచు నాటికి, కోలారు సీమ తెలుగువాడు తన రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండి అప్పటికే దిగిపోయియుండెను. అక్కడివారికి మాకు రాజ్యాధికారములో పాలు లేదని చెప్పుకొనుటకు ఆస్కారము తక్కువ. ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడినప్పుడు కోలారులో పెద్ద అలజడి రేగకపోవుటకు పిరికితనమో, భాషాభిమాన లోపమో కారణమని కొందరు వ్రాయుదురు. అది తొందరపాటు తీర్పు. వారు గెలిచిన పోరాటము వేరొకటి యగుటయే నిజమైన కారణము.

సాహిత్యమునందును ఇట్టి కలయికయే కనబడును. ముళబాగిలులో జన్మించిన డి. వి. గుండప్పగారి కీర్తి కన్నడమున. ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారిది తెలుగు కుటుంబము. మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళము; వారు మాలూరు తాలూకావారు, కన్నడమునకు 1983లో జ్ఞానపీఠము తెచ్చినవారు. కైవారము నారాయణప్ప తాతగారు తెలుగులోను కన్నడములోను తత్త్వములు చెప్పిరి. ఆ తెలుగు తత్త్వములను కన్నడ లిపిలో చదివి పాడు భక్తులు నేటికిని గలరు. లిపులు రెండును తోబుట్టువులు గనుక ఇది సాధ్యమైనది. గనుకనే ప్రమాదకరమును అయినది. నోట తెలుగు, చేత కన్నడము. రెండు మూడు తరములు గడచిన పిదప నోటిలో మిగిలినది చేతికి రాదు.

ఇక రెండవ సంగతి, కొలబద్ద. ఫజలాలీ, కుంజ్రూ, ఫణిక్కరు సభ్యులుగాగల రాష్ట్ర పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరు 30వ తేదీన నివేదిక సమర్పించినది. తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో నుంచుకొని, 1953లో మైసూరునకు పోయిన బళ్ళారి, హోసుపేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు తిరిగి ఇయ్యవలెనని సంఘము చెప్పెను. కోలారు మాత్రము మైసూరులోనే యుండవలెననెను. తరువాత కేంద్ర ప్రభుత్వము బళ్ళారి మాటను త్రోసిపుచ్చినది, కోలారు మాటను నిలిపినది. ఆ విధముగా ఆంధ్రకు రెండు చోట్లను చేతికందినది లేదు.

సంఘము సామాన్యముగా జిల్లాను ప్రమాణముగా గ్రహించినది. జిల్లా మొత్తముగా చూచినచో తెలుగువారు సగమునకు మించిరి గాని ఆ మించుట మిక్కిలి కాదు. ఇచ్చటనే బంగారము ప్రవేశించును. 1880లో జాను టెయిలరు కంపెనీ గనులను చేపట్టిన పిమ్మట, ఉత్తర ఆర్కాటు, సేలము ప్రాంతములనుండి తమిళ కార్మికులు వేలకొలది వచ్చి, రాబర్టుసన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియను రీఫు ప్రాంతముల కూలి లైన్లలో స్థిరపడిరి. చిత్తూరు జిల్లా నుండియు, చుట్టుపట్ల గ్రామముల నుండియు తెలుగువారును వచ్చిరి గాని, గనుల పట్టణమున తమిళమే ప్రబలమైనది. ఆ జనమంతయు జిల్లా లెక్కలో కలియుటచే తెలుగువారి పాలు ఆ మేరకు తగ్గినది. మైసూరు సర్కారునకు బంగారముపై గల ఆశకంటె, ఆ బంగారము ఇచ్చటికి తెచ్చిన జనమే తెలుగు పక్షమునకు ఎక్కువ అడ్డమైనది.

ఊరు ప్రమాణమైనచో ఏమి జరిగియుండును? ఇది వట్టి ఊహ కాదు. కోలారు సరిహద్దున ఆనుకొనియున్న చిత్తూరు జిల్లాకే ఈ పద్ధతి వర్తింపజేసిరి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల ఎల్ల తగవును తీర్చిన పటాస్కరుగారు గ్రామమును ప్రమాణముగా గైకొని, భూమి ఒకదానితో నొకటి కలిసియుండుట, సగమునకు మించిన భాషాజనము అను నియమములతో ఎల్ల గీసిరి. దాని ననుసరించి 1960 ఏప్రిలు 1 నుండి తిరుత్తణి మద్రాసునకు పోయినది. అదే సూత్రమును శ్రీనివాసపురము, ముళబాగిలు, బాగేపల్లి వైపు వర్తింపజేసియుండినచో గీత ఎంతో పడమరకు జరిగియుండెడిదనుటలో సందేహము లేదు. మాలూరు వైపు కన్నడ గ్రామములు, నడుమ తమిళ గనులు ఒక ద్వీపమువలె మిగిలెడివి. ఆ చిక్కులు తీర్చుట సులభము కాదు. అయినను ఒకే జిల్లా సరిహద్దున తూర్పునకు ఒక కొలత, పడమటికి ఒక కొలత ఉపయోగించిన సంగతి మాత్రము మరువరాదు.

యూరోపులో ఆ కాలముననే ఇట్టి విచారమొకటి నడచినది. జర్మనీ, ఫ్రాన్సు నడుమ బొగ్గు గనుల సీమయైన సారు ప్రాంతములో 1955 అక్టోబరు 23వ తేదీన, అనగా మన సంఘము నివేదిక యిచ్చిన నెల దినములలోపల, ప్రజల ఓటు తీసికొనిరి. వారు ప్రత్యేక ప్రతిపత్తిని నిరాకరించి 1957 జనవరి 1న పశ్చిమ జర్మనీలో చేరిరి. కోలారులో అట్టి ఓటు జరుగలేదు. జరిగియుండినచో ఫలితమిట్లే యుండెడిదని ఎవరును చెప్పజాలరు. పైన చెప్పిన కారణముల వలన పలువురు తెలుగువారు మైసూరునకే ఓటు వేసియుండవచ్చును గూడ.

బంగారము సంగతి ముగింపవలసియున్నది. సంస్థానకాలమున గనుల యాజమాన్యము లండనులో, రాయల్టీ మైసూరు ఖజానాలో. శివసముద్రము నుండి 1902లో తెచ్చిన విద్యుచ్ఛక్తి బెంగుళూరు వీధులకంటె ముందు గనులకు అందినది. సర్కారు ప్రేమ ఎచ్చట నుండెనో దీనిచే తెలియును. పునర్విభజన జరిగిన నెల చివర, అనగా 1956 నవంబరులోనే, మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసినది. ఇంతగా పట్టుకొనిన సొత్తును ఆరేండ్లకే, 1962లో, కేంద్రమునకు అప్పగించినది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. మూడు కిలోమీటర్లకు మించిన లోతునుండి రాయి త్రవ్వి తెచ్చుటకు పెట్టిన కూలి, కరెంటు ఖర్చులు రాబడిని మించగా 2001లో గనులు మూతబడినవి. సయనైడు మట్టి గుట్టలు మిగిలినవి. కార్మికుల బిడ్డలు మారికుప్పము నుండి తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు.

జలము సంగతియు ఇంతే. నంది కొండల ప్రాంతమున పుట్టిన పాలారు బేతమంగళము చెరువును నింపి, గనులకు త్రాగునీరిచ్చి, చిత్తూరు సీమమీదుగా తమిళదేశమునకు పోవును. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు నదీజలముల గూర్చి చేసికొనిన ఒడంబడికయే ఈ ఏటిని గూర్చిన వాదములకు నేటికిని ఆధారము. ఎల్ల ఎచ్చట గీచినను ఈ ఏరు మూడు రాష్ట్రములలోనే పారును.

తెలుగువారు నిజముగా పోగొట్టుకొన్నది బంగారమును కాదు, నీరును కాదు, బడిని. ఏడవ రాజ్యాంగ సవరణముచే 1956లో 350ఎ, 350బి అధికరణములు చేరినవి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధింపవలెనని మొదటిది చెప్పును. అల్పసంఖ్యాక భాషలవారి కొరకు ప్రత్యేకాధికారి యుండవలెనని రెండవది చెప్పును. బడిలో నలువదిమంది గాని, తరగతిలో పదిమంది గాని పిల్లలు కోరినచో ఆ భాషలో బోధింపవలెనను నియమము 1949 నుండియు ఉన్నది. జిల్లాలో నూటికి డెబ్బదిమంది మాటలాడు భాష రాష్ట్రభాష కాకున్నను, ఆ జిల్లాకు అధికార భాష కావలెనని పునర్విభజన సంఘము సూచించినది. సగమునకు పైబడి డెబ్బదికి చేరని కోలారు తెలుగునకు ఆ సూచన అక్కరకు రాలేదు. పదిమంది నియమమొక్కటే దక్కినది. ఆ నియమమునందు ఒక లోపము కలదు: కోరవలసినవాడు తండ్రి. కోరినను ఉపాధ్యాయుడుండవలెను, పుస్తకము సకాలమున రావలెను. గోకాకు సంఘము 1981లో నివేదిక యిచ్చిన పిదప, 1982లో కన్నడోద్యమము రేగి, ఉన్నతపాఠశాలలలో ప్రథమభాషను గూర్చిన వాదము పెరిగినది. ఉద్యోగము కన్నడముతోను, ఇంగ్లీషుతోను ముడిపడియుండగా తెలుగు బడి కావలెనని అర్జీ వ్రాయు తండ్రి క్రమముగా అరుదయ్యెను. ఇందుకు కన్నడ సోదరులను నిందించి లాభము లేదు. తమ రాష్ట్రములో తమ భాషకు ప్రథమస్థానము కోరుట వారి హక్కు, ఆంధ్రులును తమ రాష్ట్రమున అదియే కోరిరి.

1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. 2007లో కోలారు జిల్లాయే రెండుగా చీలి, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట, గుడిబండ తాలూకాలు చిక్కబళ్ళాపురము జిల్లాలోనికి పోయినవి. విదురాశ్వత్థమును, కైవారమును వాటితో కూడ పోయినవి. 2014 జూన్ 2వ తేదీన ఆంధ్రప్రదేశమును రెండు రాష్ట్రములైనది. కోలారు సరిహద్దున కుప్పము, పలమనేరు, పుంగనూరు మాత్రము ఎప్పటి చోటనే యున్నవి. పెండ్లి సంబంధములు, సంతలు, జాతరలు ఆ గీతను దాటి మునుపటివలెనే సాగుచున్నవి.