పిల్లల్లో ఇన్‌ఫ్లుయెంజా: నివారణ, నిర్ధారణ, చికిత్స

(ప్రత్యేక వ్యాసం - పాత్రికేయులు, అధికారుల సమాచార నిమిత్తం)

వర్షాలు ముమ్మరించి చలిగాలులు మొదలయ్యే నాటికి ఆసుపత్రుల పిల్లల విభాగాల వద్ద తల్లుల బారులు పెరగడం ఏటా కనిపించేదే. వారి బిడ్డల్లో చాలామందిది సాధారణమైన జలుబు. కొందరిది మాత్రం ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ జ్వరం. వాడుకలో ఈ రెండింటినీ పడిశమనే పిలుస్తున్నప్పటికీ ఇవి వేర్వేరు వ్యాధులు. జలుబు మెల్లగా మొదలై ఎక్కువగా ముక్కు, గొంతులకే పరిమితమవుతుంది. ఫ్లూ హఠాత్తుగా వస్తుంది. ఉదయం ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి 102, 103 డిగ్రీల జ్వరంతో, పొడి దగ్గుతో, ఒళ్లునొప్పులతో మంచం పడుతుంది. పెద్దలలో అంతగా కనిపించని వాంతులు, విరేచనాలు పిల్లల్లో తోడు కావచ్చు. కొందరు పిల్లలకు జ్వరం తగ్గుముఖం పట్టే సమయంలో పిక్కల నొప్పి వచ్చి, ఒకటి రెండు రోజులు నడవడానికి మొరాయిస్తారు. పోలియో కాబోలునని తల్లిదండ్రులు హడలిపోయే ఈ లక్షణం సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది. అయినప్పటికీ మూత్రం ముదురు రంగులో వస్తే వైద్యునికి చూపించవలసి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 100 కోట్ల మందికి ఫ్లూ సోకుతుండగా, 30 నుంచి 50 లక్షల మందిలో అది తీవ్రరూపం దాలుస్తోంది. శ్వాసకోశ సంబంధ కారణాలతో 2.90 లక్షల నుంచి 6.50 లక్షల మంది మరణిస్తున్నారు. ఫ్లూ మూలంగా ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి మరణించే ఐదేళ్లలోపు పిల్లల్లో 99 శాతం మంది వర్ధమాన దేశాల వారేనని ఆ సంస్థే పేర్కొన్నది. వైరస్ అన్ని దేశాలలోనూ ఒకటే. అయినా ఇంత వ్యత్యాసం ఉండటానికి ప్రమాదాన్ని గుర్తించడంలోనూ, ఆసుపత్రికి చేర్చడంలోనూ జరిగే జాప్యం ముఖ్య కారణాలలో ఒకటి. అందువల్ల ఈ వ్యాసంలో వైరస్ వర్ణన కన్నా వ్యవధి గురించే ఎక్కువగా ప్రస్తావించడం జరిగింది.

పేరు, లెక్కలు

2009 మే 16న దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు నిర్ధారణ అయినది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికునికి అది సోకింది. అదే సంవత్సరం జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించింది. దేశంలో నమోదైన తొలి మరణం ఆగస్టు 3న పుణేలో 14 సంవత్సరాల విద్యార్థినిది. ఆనాడు వాడుకలోకి వచ్చిన 'స్వైన్ ఫ్లూ' అనే మాట నేటికీ శీర్షికలను వీడలేదు. 2010 ఆగస్టులో మహమ్మారి దశ ముగిసినట్లు ప్రకటించిన అనంతరం ఆ వైరస్ ఏటా వచ్చే ఫ్లూ రకాలలో ఒకటిగా స్థిరపడింది. పందులతో గాని, పంది మాంసంతో గాని సంబంధం లేకుండా అది మనిషి నుంచి మనిషికి సోకుతుంది. 'స్వైన్ ఫ్లూ' అని రాసిన ప్రతిసారీ ఒక కుటుంబం ఊరివారి వెలికి భయపడి రోగాన్ని దాచుకునే అవకాశం ఉంటుంది. 'హెచ్1ఎన్1 ఫ్లూ' అంటే సరిపోతుంది.

గణాంకాల విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. 2015లో దేశంలో 42,592 హెచ్1ఎన్1 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. 2017లో 38,811 కేసులు, 2,270 మరణాలు నమోదయ్యాయి. ఇవి ప్రయోగశాలలో నిర్ధారణ అయిన కేసులు మాత్రమే. స్వల్ప లక్షణాలున్నవారికి పరీక్ష చేయనవసరం లేదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ మార్గదర్శకాలే చెబుతున్నందున, ఈ పట్టికలోకి అధికంగా వచ్చేది తీవ్ర రోగులే. కనుక మరణాలను కేసులతో భాగించి 'వందకు ఏడుగురు చనిపోతున్నారు' అని రాయడం సరికాదు. జిల్లాల మధ్య పోల్చేటప్పుడు కూడా ఎక్కడ ఎన్ని నమూనాలు పరీక్షించారో అడిగి తెలుసుకోవడం మేలు. పరీక్షలు అధికంగా జరిపిన జిల్లాయే రోగగ్రస్తమైనట్లు పత్రికలలో కనిపించడం కద్దు.

పరీక్ష ఎవరికి?

మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు రోగులను మూడు వర్గాలుగా విభజించాయి. స్వల్ప జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నవారు 'ఎ' వర్గం. వీరికి పరీక్షగాని, వైరస్ నిరోధక మందుగాని అవసరం లేదు. ఇంటివద్దనే ఉంచి, 24 నుంచి 48 గంటలలో పరిస్థితిని వైద్యుడు తిరిగి పరిశీలించాలి. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉన్నవారు, అలాగే లక్షణాలు స్వల్పమైనప్పటికీ ముప్పు అధికంగా ఉన్నవారు 'బి' వర్గం. ఉబ్బసం, పుట్టుకతో గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి, మధుమేహం, తలసేమియా వంటి రక్త సంబంధ వ్యాధులు, నాడీ సంబంధ రుగ్మతలు ఉన్న పిల్లలు ఈ కోవలోకి వస్తారు. వీరికీ పరీక్ష తప్పనిసరి కాదు. కాని మందు అవసరం కావచ్చు. ప్రమాద సూచనలు కనిపించిన 'సి' వర్గం వారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చి, నమూనా తీసి, చికిత్స ప్రారంభించాలి.

నిర్ధారణకు ముక్కు లోపలి నుంచి, గొంతు నుంచి దూదిపుల్లతో స్రావం తీసి, ప్రత్యేక ద్రావణంలో ఉంచి, శీతల పెట్టెలో ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ ఆర్‌టీ-పీసీఆర్ విధానంలో పరీక్షిస్తారు. నిమిషాలలో ఫలితమిచ్చే ర్యాపిడ్ కిట్లు కూడా ఉన్నాయి. అయితే నిజంగా ఫ్లూ ఉన్న వారిలోనే చాలామందిని ఆ కిట్లు పట్టుకోలేవు. కిట్ 'లేదు' అన్నంత మాత్రాన ఫ్లూ లేదని నిశ్చయించడానికి వీలులేదు.

క్షేత్రస్థాయి అధికారులు గమనించవలసిన అంశం ఇక్కడే ఉన్నది. ఫ్లూ వైరస్‌పై పనిచేసే ఒసెల్టమివిర్ లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ప్రారంభిస్తే అత్యధిక ప్రయోజనం ఇస్తుంది. మండల కేంద్రం నుంచి నమూనా నగరానికి చేరి, ఫలితం తిరిగి వచ్చేసరికి ఆ వ్యవధి కాస్తా గడిచిపోవచ్చు. అందుచేత 'సి' వర్గంలోని బిడ్డకు నివేదిక కోసం వేచి ఉండకుండా మందు మొదలుపెట్టాలి. 48 గంటలు దాటినా తీవ్ర రోగికి మందు ఇవ్వడం మానరాదు. 'రిపోర్టు రాలేదు' అన్నది చికిత్స ఆపడానికి కారణం కాజాలదు.

ప్రమాద సూచనలు

జ్వరం ఎన్ని డిగ్రీలున్నదన్న దానికన్నా బిడ్డ ఊపిరి ఎలా తీస్తున్నదన్నది ముఖ్యం. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషంపాటు లెక్కించాలి. రెండు నెలలలోపు శిశువులో 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, ఆపైన శ్వాసలు లెక్కకు వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ లెక్క తెలిసినవారే. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోనికి పోవడం, పెదవులు గాని గోళ్లు గాని నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, తాగినదంతా వాంతి చేసుకోవడం, లేపినా లేవని మగత, ఫిట్స్, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి తరలించాలి. మూడు నెలలలోపు శిశువుకు జ్వరం రావడమే ప్రమాద సూచన.

తల్లిదండ్రులు తరచుగా మోసపోయే సందర్భం మరొకటి ఉన్నది. మూడు నాలుగు రోజులకు జ్వరం తగ్గి, బిడ్డ తేరుకున్నట్లు కనిపించి, మళ్లీ జ్వరంతో పాటు దగ్గు హెచ్చుతుంది. ఫ్లూ వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తులలో బ్యాక్టీరియా చేరి న్యుమోనియా కలిగించడమే దీనికి ముఖ్య కారణం. యాంటీబయాటిక్ అవసరమయ్యేది ఇటువంటి వేళ. మొదటి రోజున మందుల దుకాణంలో అడిగి వేసే యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయజాలదు.

చికిత్స

అత్యధికులకు విశ్రాంతి, ద్రవాహారం, జ్వరానికి పారాసిటమాల్ చాలు. పారాసిటమాల్ మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున వైద్యులు నిర్ణయిస్తారు. తల్లిపాలు ఆపకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. ఫ్లూ ఉన్నప్పుడు ఇస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదమున్నది.

ఒసెల్టమివిర్ ఏడాది దాటిన పిల్లలకు 15 కిలోలలోపు బరువుంటే 30, 15 నుంచి 23 కిలోల వరకు 45, 24 నుంచి 40 కిలోల వరకు 60, ఆపైన 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఐదు రోజులపాటు ఇస్తారు. ఏడాదిలోపు శిశువులకు మోతాదు వేరుగా లెక్కకట్టాలి. ఒకప్పుడు షెడ్యూల్ ఎక్స్ కింద అతి కొద్ది దుకాణాలకే పరిమితమైన ఈ మందును 2017లో షెడ్యూల్ హెచ్1 కిందకు మార్చారు. వైద్యుని చీటీ మాత్రం తప్పనిసరి.

దగ్గు సిరప్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం ఆదేశించింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల మరణాల నేపథ్యంలో, రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వరాదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ సూచించింది. మరిగే నీటి గిన్నెపై దుప్పటి కప్పి పసివారికి ఆవిరి పట్టే అలవాటు కూడా మానుకోదగినది. గిన్నె ఒరిగితే కాలిన గాయం ఫ్లూ కన్నా పెద్ద కష్టమవుతుంది.

టీకా

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయవచ్చు. తొమ్మిదేళ్లలోపు వారికి మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, ఆ తరువాత ఏటా ఒకటి అవసరం. వైరస్ రూపం మార్చుకుంటున్నందున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, టీకా కూర్పును సమీక్షిస్తుంది. 2020 మార్చి అనంతరం బి-యమగాటా రకం నిర్ధారణగా ఎక్కడా కనబడనందున దానిని చేర్చనవసరం లేదని 2023 సెప్టెంబరులో ఆ సంస్థ తెలియజేసింది. మనదేశంలో జనవరి-మార్చి మధ్య ఒకసారి, వర్షాకాలం వెంబడి మరొకసారి ఫ్లూ ఉద్ధృతమవుతుంది. రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది కనుక తొలకరికి ముందే టీకా వేయించడం అనుకూలం. ఆరు నెలలలోపు శిశువుకు టీకా లేదు. గర్భిణి టీకా తీసుకుంటే ఆ రక్షణ కొంతకాలం బిడ్డకు సంక్రమిస్తుంది.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా ఈ టీకా వేయాలని భారతీయ శిశువైద్యుల అకాడమీ సిఫారసు చేస్తున్నది. అయితే ఇది సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు, కొనుగోలు చేయవలసినదే. ఇందులో తరచు దొర్లే పొరపాటు ఒకటున్నది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలో 'హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే' పేరున్నందున అది ఫ్లూ టీకాయేనని అనేకులు భావిస్తారు. అది బ్యాక్టీరియా. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూకు అదే కారణమని తలచినందున ఆ పేరు నిలిచిపోయింది. మనుషులలో ఫ్లూ వైరస్‌ను కనుగొన్నది 1933లో. పెంటావాలెంట్ టీకా ఫ్లూను ఆపదు. కాని ఆ టీకా, దానితోపాటు ఉచితంగా వేసే న్యుమోకాకల్ టీకా కొన్ని రకాల బ్యాక్టీరియా న్యుమోనియాను నివారిస్తాయి కనుక అవి సకాలంలో వేయించడం అవసరం.

పాఠశాలలు, అంగన్‌వాడీలలో చేతులు సబ్బుతో కడిగించడం, గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచడం, దగ్గేటప్పుడు మోచేతి మడత అడ్డుపెట్టుకోవడం నేర్పించాలి. పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ రోజులు వైరస్‌ను వెదజల్లుతారు. జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉన్న తరువాతనే బడికి పంపాలి. హాజరు శాతం కోసం జ్వరంతో ఉన్న పిల్లలను రప్పించరాదని ప్రధానోపాధ్యాయులకు జిల్లా అధికారులు స్పష్టం చేయడం ఉచితం. ఒకే తరగతిలో పలువురు ఒకేసారి జ్వరంతో గైర్హాజరైతే సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి.

ప్రమాద సూచనలున్న బిడ్డను తరలించడానికి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 108 అంబులెన్స్‌కు ఫోన్ చేయవచ్చు.