ముఖాన్ని విడదీసి కొలిచిన చరిత్ర

కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాక ఒకే రూపంగా మనసుకు అందే తీరును మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు సమగ్ర గ్రహణం అంటారు. ఈ ప్రక్రియ నేరుగా పరిశీలనకు చిక్కేది కాదు కనుక, ముఖపు పొందికను కావాలని చెడగొట్టి, గుర్తింపు ఎంత దెబ్బతింటుందో లెక్కగట్టడమే దానిని కొలిచే మార్గమైంది.

ఈ మార్గానికి పునాది వేసినది 1969లో రాబర్ట్ యిన్ ప్రకటించిన పరిశోధన. ముఖాలతోపాటు ఇళ్లు, విమానాల వంటి బొమ్మలను తలకిందులుగా చూపినప్పుడు అన్నిటి గుర్తింపూ తగ్గినా, ముఖాల విషయంలో ఆ నష్టం మిగతావాటికంటే చాలా ఎక్కువని ఆయన నిరూపించాడు. అయితే ముఖాల గ్రహణంలో ఏదో ప్రత్యేకత ఉందని మాత్రమే ఈ ఫలితం చెప్పగలిగింది. ఆ ప్రత్యేకత సమగ్రతేనా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

దానికి సూటిగా బదులు వెతికినవారు 1987లో ఆండ్రూ యంగ్, డెబొరా హెల్లవెల్, డెన్నిస్ హే. ఒక ప్రముఖుని ముఖం పై సగానికి మరొకరి కింది సగాన్ని అతికించి, పై సగం ఎవరిదో చెప్పమన్నప్పుడు, రెండు సగాలూ కలిసి కొత్త వ్యక్తి ముఖంలా కనబడటంతో జవాబు ఆలస్యమైంది. కింది సగాన్ని కాస్త పక్కకు జరిపితే, లేదా బొమ్మను తలకిందులు చేస్తే, ఆ ఆటంకం తొలగిపోయింది. పట్టించుకోనక్కరలేని సగాన్ని సైతం మనసు వదిలిపెట్టలేకపోవడమే ఇక్కడ కొలమానం.

1993లో జేమ్స్ టనాకా, మార్తా ఫరా మరో దారి పట్టారు. పేర్లతో సహా నేర్పిన ముఖాల్లో ఒకదాని ముక్కును విడిగా చూపినప్పటికంటే, ఆ ముఖంలోనే ఉంచి చూపినప్పుడు జనం దానిని మెరుగ్గా గుర్తించారు. అవయవాలను చెల్లాచెదురు చేసిన ముఖాల్లోగాని, తలకిందులు చేసిన ముఖాల్లోగాని, ఇళ్ల బొమ్మల్లోగాని ఆ మేలు కనిపించలేదు.

ఆ తరువాత వివాదం కొలమానాల మీదికే మళ్లింది. అతికించిన ముఖాలను జంటగా పోల్చమనే పరీక్షలో అక్కరలేని సగాన్ని ఎప్పుడూ మార్చి చూపాలా, లేక కొన్నిసార్లు అదే సగాన్ని ఉంచాలా అన్న విషయంలో పరిశోధకులు ఇసబెల్ గోటియే బృందానికీ బ్రూనో రోసియోంకూ మధ్య దీర్ఘకాలం వాదం నడిచింది. తలకిందుల ముఖాలు, అతికించిన ముఖాలు, విడి అవయవాలు అనే ఈ మూడు పరీక్షల్లో ఒకే వ్యక్తి చూపే ఫలితాల మధ్య పొంతన తక్కువేనని 2017 నాటి ఒక అధ్యయనం తేల్చింది. అందువల్ల ఈ పరీక్షలను ఒకే శక్తిని తూచే మూడు తక్కెడలుగా భావించడం సరికాదు. ఏ పద్ధతితో కొలిచారో చెప్పకుండా సమగ్ర గ్రహణం గురించి చేసే ఏ నిర్ధారణా సంపూర్ణం కాదు.