మిషను బడి పంతులు: జాషువా తొలి కొలువులూ క్రైస్తవ పెంపకమూ

పంతొమ్మిదో శతాబ్దం చివరి పాదం నుంచి స్వాతంత్ర్యం వచ్చేదాకా తెలుగు పల్లెల మాల, మాదిగ వాడల్లో పుట్టిన పిల్లవాడికి కూలి, పాలేరుతనం, తోలుపని, నేతపని దాటి నెల జీతం దొరికే కొలువంటూ ఉంటే అది చాలాచోట్ల మిషను బడి పంతులుగిరీ ఒక్కటే. క్రైస్తవ సంఘం పల్లెలో పెట్టిన చిన్న పాఠశాలను ఒక్కడే నడుపుతూ, పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, చీకటి పడ్డాక పనుల నుంచి తిరిగివచ్చిన పెద్దలను కూర్చోబెట్టి ప్రార్థన చేయించి, ఆదివారం పాస్టరు రాలేని ఊళ్లో తానే వాక్యం చెప్పే మనిషి ఈ పంతులు. చరిత్ర పుస్తకాలు అతన్ని మత ప్రచారం అధ్యాయంలోనో, విద్యావ్యాప్తి అధ్యాయంలోనో ఒక వాక్యంతో సరిపెట్టాయి గాని, అతని పని ముందుగా ఒక బతుకుతెరువు. ఆ తెరువుకు ఒక ప్రత్యేకత ఉంది: పిల్లవాణ్ణి పెంచిన సంస్థే అతనికి చదువు చెప్పించేది, ఉద్యోగం ఇచ్చేది, పెళ్లి జరిపించేది, తప్పుచేశాడని తోస్తే ఉద్యోగంతోపాటు సంఘం నుంచీ వెలివేసేది. పెంపకమూ జీతమూ ఒకే చేతిలో ఉన్న ఈ ఏర్పాటు ఎంత ఇచ్చిందో, ఎంత అడిగిందో తెలుసుకోవడానికి గుర్రం జాషువా తొలి జీవితాన్ని మించిన సాక్ష్యం తెలుగులో లేదు.

ఈ కొలువు పుట్టుకకు కారణాలు కోస్తా జిల్లాల్లో ఉన్నాయి. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా పనిచేసినా, పాతికేళ్లపాటు సంఘంలో చేరినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ కాలంలో, యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దల ప్రచారం వల్ల పరిస్థితి మారింది. 1876-78 నాటి మహా కరవులో, అంటే తెలుగువారు ధాత కరవుగా చెప్పుకున్న రోజుల్లో, క్లౌ ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకుండా ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు, అంటే నీటిలో ముంచి సంఘంలో చేర్చుకొనే సంస్కారం, నిలిపివేశాడు. కరవు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి తరాల గాథే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవలకు నేపథ్యమయింది.

సంఖ్య ఈ స్థాయికి పెరిగాక సంఘాన్ని నడపడం నలుగురైదుగురు దొరల వల్ల అయ్యే పని కాదు గనుక, పల్లెకొక చదువుకున్న మనిషి అవసరమయ్యాడు. బాప్టిస్టు ఆరాధన బైబిలు చదవడం చుట్టూ అల్లుకున్నది. చదవలేని సంఘానికి చదివి వినిపించేవాడు కావాలి, వినిపించేవాడు కావాలంటే ముందు బడి కావాలి. 1854 నాటి ఉడ్ విద్యా నివేదన తర్వాత ప్రైవేటు సంస్థల బడులకు ప్రభుత్వ సహాయధనం అందే పద్ధతి వచ్చింది. దీన్నే గ్రాంటు అంటారు. ఇనస్పెక్టరు వచ్చి హాజరు పట్టీ చూసి, పిల్లల చేత చదివించి, లెక్కలు చేయించి తృప్తిపడితేనే గ్రాంటు నిలిచేది. ఆ విధంగా పంతులు ఇద్దరు యజమానులకు జవాబుదారీ అయ్యాడు: వాక్యం ఎంత వచ్చని అడిగే మిషను బంగ్లా ఒకవైపు, ఎక్కాలు ఎన్ని వచ్చని అడిగే ప్రభుత్వం మరొకవైపు. మూడో యజమాని కూడా ఉన్నాడు. మాదిగపల్లె పిల్లలు బడికి పోతే పశువులు కాసేదెవరని నిలదీసే ఊరి ఆసామి. చాలీచాలని జీతంతో ఈ ముగ్గురి మధ్య నెగ్గుకొచ్చిన ఆ పంతుళ్ల ఓర్పుకు తెలుగు సమాజం ఇప్పటికీ తగిన గౌరవం చెల్లించలేదు.

నిజాం ఏలుబడిలో ఇదే కథ కాస్త ఆలస్యంగా, మరోరకంగా సాగింది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండలో స్థిరపడ్డారు. అదే శాఖకు చెందిన అమెరికన్ మిషనరీలు హీబర్ట్ దంపతులు 1899లో వచ్చి, హైదరాబాదు తూర్పు అంచున మలక్‌పేటలో కేంద్రం ఏర్పరచారు. ఇప్పుడు మలక్‌పేట, సైదాబాదు, చంపాపేట్ ఒకే నగరంలో కలిసిపోయి కనిపిస్తున్నా, ఆనాడు మూసీకి దక్షిణాన ఉన్న ఆ మలక్‌పేట రాజధానికీ నల్లగొండ, పాలమూరు పల్లెలకూ మధ్య గుమ్మం వంటిది. పాలన ఉర్దూలో నడిచే ఆ సంస్థానంలో, పల్లె చివరి వాడలో తెలుగు అక్షరం దిద్దించిన బడులుగా మిషను బడుల విలువ కోస్తాలోకన్నా ఎక్కువే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచీ గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచీ వచ్చి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, చంపాపేట్ కాలనీల్లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబాల్లో తాతతరాన్ని కదిపితే ఇటువంటి పంతులు ఒకరు తగలడం అరుదేమీ కాదు.

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇద్దరి కులాలూ ఒప్పని ఆ పెళ్లికి నీడనిచ్చింది క్రైస్తవ సంఘమే. తండ్రి మత బోధకుడు గనుక ఇంట్లో వాక్యమూ ప్రార్థనా రోజువారీ సంగతులు. తెలుగు క్రైస్తవ కీర్తనలు అప్పటికే, పురుషోత్తమ చౌదరి వంటివారి చేతుల మీదుగా, రాగతాళాలతో పాడుకునే పాటలుగా స్థిరపడ్డాయి. బైబిలు గద్యాన్ని పైకి చదవడం, కీర్తనను గొంతెత్తి పాడడం ఆ ఇళ్లలో పిల్లలకు నడకతోపాటు వచ్చే విద్యలు. జాషువా పద్యం చదివితే సభ కదలకుండా వినేదని విన్నవారు చెప్పుకున్నారంటే, ఆ గొంతుకు తొలి సాధన జరిగిన చోటు ప్రార్థన కూటమే అనుకోవడం సమంజసం.

ఐతే ఆ ఇంటి గడప దాటాక క్రైస్తవుడన్న పేరు పిల్లవాణ్ణి కాపాడలేదు. బడిలో తోటివారికి అతను ముట్టరానివాడే. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. అదే ఊళ్లో చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యంలో కవిత్వం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. బైబిలు ఇంట్లోనూ కాళిదాసు శాస్త్రిగారి దగ్గరా నేర్చిన ఈ యువకుడికి అటు సంఘంలోగాని ఇటు పండితసభలోగాని పూర్తిగా ఇమిడే చోటు లేకపోయింది.

1910లో పదిహేనేళ్ల వయసుకే మేరీతో పెళ్లయింది. ఆమెను ఈస్తరమ్మ అని కూడా పిలిచేవారు. సంసారం మీదపడ్డ ఆ కుర్రవాడికి దొరికిన మొదటి కొలువు మిషను బడిలోనే. జీతం నెలకు మూడు రూపాయలు. ఆ కొద్దిపాటి ఆసరా కూడా నిలవలేదు, ఉద్యోగం పోయింది. పనిని వెతుక్కుంటూ రాజమండ్రి చేరిన జాషువా 1915-16లో సినిమా వాచకుడయ్యాడు. ఈ వృత్తి ఇప్పుడు పూర్తిగా అంతరించింది గనుక వివరించాలి. అప్పటి సినిమాకు మాట లేదు. బొమ్మ ఆడుతుంటే మధ్యమధ్య అట్టలమీద అక్షరాలు వచ్చిపోయేవి, అవి కూడా తరచు ఇంగ్లీషులోనే ఉండేవి. చదువురాని ప్రేక్షకుడికి కథ అందాలంటే తెర పక్కన ఒక మనిషి నిలబడి, తెరమీది మనుషుల పెదవుల కదలికకు తగినట్టు సంభాషణలు అల్లుతూ, రాజు గొంతూ దాసి గొంతూ తానే అవుతూ, యుద్ధం వస్తే స్వరం పెంచుతూ, ఏడుపు వస్తే తగ్గిస్తూ ఆట అయ్యేదాకా చెప్పుకుపోవాలి. మైకులు లేని కాలం. హాలు చివరి వరుసలో కూర్చున్నవాడికీ మాట వినపడాలి.

జాషువా జీవితచరిత్రల్లో ఈ పనిని కష్టాల జాబితాలో చేర్చి దాటవేయడం మామూలు. అది సరికాదు. చదువురానివారికి అక్షరాన్ని గొంతుతో అందించడమే మిషను పంతులు చేసే పని. సినిమా వాచకుడు చేసిందీ అదే, కాకపోతే ఇక్కడ వినేవారిని కట్టి కూర్చోబెట్టే మత బంధం లేదు, నచ్చకపోతే లేచిపోతారు. టిక్కెట్టు కొన్న జనం ఓర్పును పట్టి నిలపగల వాచకం అతనికి ఆ తెర పక్కనే అబ్బింది. తర్వాతి కాలంలో అతని 'శ్మశానవాటి' పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి, రంగస్థల నటుల గొంతుల్లో పల్లెపల్లెకూ చేరడంలో ఆశ్చర్యం లేదు; వినే జనాన్ని ఎదుట పెట్టుకొని రాసిన పద్యాలవి.

తిరిగి గుంటూరు వచ్చిన జాషువాకు లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో కొలువు దొరికింది. పల్లె బడులకు వెళ్లబోయే పంతుళ్లను తయారుచేసే చోటు అది. మూడు రూపాయల పంతులుగా మొదలైనవాడు పంతుళ్లకు పంతులయ్యాడు. అక్కడ పదేళ్లు పనిచేసి, ఉభయ భాషా ప్రవీణ పట్టం, అంటే సంస్కృతాంధ్రాలు రెండింటిలో పాండిత్యానికి ఇచ్చే యోగ్యత, సంపాదించి 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా ఉన్నాడు. ఆపైన రెండో ప్రపంచ యుద్ధ ప్రచారకుడి పని, 1957-59లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత పని వచ్చాయి.

ఈ కొలువుల మధ్యలో సంఘంతో తెగతెంపులు జరిగాయి. రుక్మిణీ కళ్యాణం, కుశలవోపాఖ్యానం వంటి పౌరాణిక కథలను పద్యంలో చెప్పినందుకు, హిందువుల దేవుళ్ల మీద రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు అతన్ని బహిష్కరించారు. వారి వైపు నుంచి చూస్తే కారణం లేకపోలేదు: ఒక్కొక్క కుటుంబం పాత దేవతలను, జాతరలను, చచ్చిన గొడ్డు మాంసాన్ని వదిలించుకొని సంఘంలోకి వచ్చింది, ఆ గీత చెరిగితే సంఘమే చెదురుతుందన్న భయం వారిది. అయినా ఆ నిర్ణయం తప్పే. కవికి కథ ఒక పనిముట్టు. శాస్త్రిగారి దగ్గర ఆకలితో నేర్చుకున్న విద్యను వదిలేయమనడం అతన్ని మళ్లీ వాడకు పొమ్మనడంతో సమానం. పైగా కులం ఊరి సభలోనే కాదు, మాలలకూ మాదిగలకూ మధ్య, పై కులాల నుంచి మతం మారినవారికీ వీరికీ మధ్య గుడిలోపలా కొనసాగుతున్నప్పుడు దానికి వెలి లేదు, పద్యానికి ఉంది.

జాషువా ఇచ్చిన జవాబులు రెండూ కావ్యాలే. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో దక్షిణ దేశపు అరుంధతీయుడు, అంటే మాదిగ, తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలం చేత కైలాసంలోని శివుడికి తన దుఃఖాన్ని విన్నవించుకుంటాడు. మనిషికి నిషిద్ధమైన గర్భగుడిలోకి ఆ పిట్టకు అడ్డులేదు. ఎవరి సభలో అవమానం జరిగిందో వారి కాళిదాసు మేఘాన్నే తీసుకొని, దాన్ని వారిమీద ఫిర్యాదుగా మార్చిన కావ్యం అది. రెండోది 'క్రీస్తు చరిత్ర'. వెలివేసిన సంఘం మీద పగతో కాదు, దాని కాళ్లమీద పడీ కాదు, తండ్రి ఇంట్లో విన్న వడ్రంగి కొడుకు కథను తెలుగు పద్యంలో తనకు తానుగా చెప్పుకున్నాడు. సంఘం ఉద్యోగం తీసేయగలిగింది, పేరు కొట్టేయగలిగింది, పెంపకాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయింది. చివరిదశలో 'నా కథ' పేరుతో పద్యాల్లోనే ఆత్మకథ చెప్పుకున్నాడు. వెలి తర్వాత నాస్తికత్వానికి దగ్గరైన ఈ కవి కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని 1960లో పెళ్లాడి జోగినీ దురాచార నిర్మూలనకు జీవితం ధారపోసింది.

కొలువుకూ మతానికీ ఉన్న ముడి జాషువాతో తెగలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారు బి.సి. 'సి' వర్గంలో ఒక్క శాతం రిజర్వేషన్‌కే అర్హులు. పంతులుగా ఉద్యోగం రావడానికి తాతకు మతం దారి చూపితే, అదే మతం సర్టిఫికెట్టులో ఉన్నందుకు మనవడికి ఉద్యోగం దూరమవుతున్నది. ఈ అన్యాయం మీద నిర్ణయం దశాబ్దాలుగా వాయిదా పడుతూనే ఉంది.

జాషువాకు 1964లో 'క్రీస్తు చరిత్ర' మీద కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశాడు. మూడు రూపాయల జీతంతో మొదలైన మిగతా పంతుళ్లకు కావ్యాలూ బిరుదులూ లేవు. వారి పేర్లు పాత సంఘాల బాప్తిస్మ పుస్తకాల్లో, పెళ్లి రిజిస్టర్లలో, బడి హాజరు పట్టీల్లో మాత్రమే ఉన్నాయి. అవి చెదలు పట్టకముందే ఆయా సంఘాలు వాటి ప్రతులు తీయించి పరిశోధకులకు తెరవాలి. అటువంటి పంతుళ్ల మనవలూ మనవరాళ్లూ తమ తాతల ఊరు, బడి, జీతం, చదువు చెప్పిన ఏళ్లు రాసిపెట్టాలి.