గుడ్డుకి పాటుంది, బీరకాయకి లేదు

దూరదర్శన్ రోజుల్లో పెరిగినవాళ్ళకి గుడ్డు యాడ్ గుర్తుచేయక్కర్లేదు. సండేనీ మండేనీ ప్రాసలో కలిపేసిన ఆ హిందీ పాట, హిందీ రాని ఇళ్ళల్లో కూడా పిల్లల నోట నానింది. మరి బీరకాయకో తోటకూరకో అలాంటి పాట ఎందుకు రాలేదు? పిల్లలకి కూరలంటే పడదు కాబట్టి అని తేల్చేయొచ్చు. కానీ గుడ్డు పాట పుట్టిన తీరు చూస్తే కారణం వేరే చోట కనిపిస్తుంది.

1980ల మొదట్లో గుడ్డు ధర చెప్పేది వ్యాపారి. పెంచిన రైతుకి మిగిలేది నష్టం. వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి. రావు ఊరూరా మీటింగులు పెట్టి కోళ్ళ రైతుల్ని కూడగట్టారు. అలా 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ వచ్చింది. పేపర్లో రోజూ కనిపించే 'నెక్' ధర దానిదే. అంటే ముందు ధర, ఆ తర్వాతే యాడ్. అమ్మకం పెరిగితే ఆ లాభం తన దాకా వస్తుందన్న నమ్మకం కుదిరాకే రైతుల సంఘం పాట మీద డబ్బు పెట్టింది. ఇవాళ గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిది, తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది.

పాలకూరకి పొపాయ్ ఉన్నాడుగా అంటారు. ఎల్జీ సెగార్ 1929లో సృష్టించిన కార్టూన్ నావికుడు. ఇనుము లెక్కలో దశాంశ బిందువు తప్పు పడటం వల్లే అతను పాలకూర తిన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథకి ఆధారం లేదని మైక్ సటన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2010లో తేల్చాడు. 1932 నాటి స్ట్రిప్‌లో పొపాయ్ పొగిడింది విటమిన్ ఏని. నాకు ఆసక్తిగా అనిపించేది మాత్రం 1937లో అతనికి విగ్రహం కట్టిన ఊరు, టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీ. అక్కడి పంట పాలకూరే. బొమ్మ వెనక పండించేవాళ్ళ ఊరు నిలబడింది.

బొమ్మ ఒక్కటే చాలనుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. ఆపిల్ మీద ఎల్మో స్టిక్కర్ అంటిస్తే పిల్లలు ఎక్కువగా తీసుకుంటారని బ్రయాన్ వాన్సింక్ బృందం 2012లో పేపర్ రాసింది. 8 నుంచి 11 ఏళ్ళ వాళ్ళని చెప్పిన ఆ పిల్లలు నిజానికి 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళని బయటపడి, 2017లో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు.

ఇక మన వైపు చూద్దాం. మదనపల్లె మార్కెట్లో 2023 జూలై చివర్లో కిలో టమాటా 200 రూపాయల దగ్గరికి వెళ్ళింది. ధర పడిపోయిన సీజన్లలో అదే టమాటాని రోడ్డు పక్కన పారబోస్తారు. రేపటి ధర తెలియని రైతు ఎవరి పిల్లల కోసం పాట కట్టిస్తాడు? చిత్తూరు తోతాపురి సంగతీ అంతే. చెట్టు మీద ఉన్నంతసేపు దాని గురించి యాడ్ లేదు. గుజ్జై సీసాలోకి దిగి, ఒక కంపెనీ పేరు తగిలించుకున్నాకే దానికి సినిమా హీరో దొరుకుతాడు.

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. రెండు నెలలు తిరగ్గానే, 1999 జనవరి 26న, అదే ప్రభుత్వం రైతు బజార్లు మొదలుపెట్టింది. హైటెక్ సిటీకి దగ్గర్లోని కూకట్‌పల్లి రైతు బజారులో కూరగాయలకున్న ప్రకటన రోజువారీ ధరల బోర్డే. ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీ పిల్లలు ఆ బోర్డు చూడరు. వాళ్ళు చూసేది ఫోన్. డెలివరీ యాప్‌లో పైన కనిపించే బ్యానర్ అమ్ముడుపోయే జాగా. బిస్కెట్ కంపెనీ కొనుక్కుంటుంది. బీరకాయ తరఫున కొనేదెవరు?

సలహాకి మనకి కొదవలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా పళ్ళెంలో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు ఉన్నాయి. ప్రైమరీ స్కూలు మధ్యాహ్న భోజనం లెక్క మాత్రం 50 గ్రాముల కూరగాయలు. ఆ ఒక్క పూట కూర తరఫున డబ్బు పెట్టేది ప్రభుత్వమే.

పాట రాసేవాళ్ళు మన దగ్గర బోలెడుమంది. కానీ గుడ్డు దారిలో వెళ్ళాలంటే పాటకంటే ముందు టమాటా రైతులకి ధర మీద పట్టు రావాలి. అది వచ్చిన రోజున మంచి ప్రాస వాళ్ళే వెతుక్కుంటారు.