వై, ఎమ్, ఎన్: కెర్నెల్ మెనూలో పాత ప్రొటోకాళ్ల కథ

లినక్స్ కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లకు ఈ మూడు అక్షరాలు బాగా పరిచయం. వై అంటే కెర్నెల్లోనే కలిపెయ్యమని. ఎమ్ అంటే మాడ్యూలుగా పక్కన ఉంచితే అవసరమైనప్పుడు ఎక్కించుకుంటామని. ఎన్ అంటే అసలు వద్దని. నెట్‌వర్కింగ్ విభాగంలో ఐపీఎక్స్, యాపిల్‌టాక్, డెక్‌నెట్, ఎక్స్.25, ఎకోనెట్ అనే పేర్ల పక్కన ముప్పై ఏళ్లలో ఈ అక్షరాలు ఎలా మారాయో చూస్తే, టీసీపీ/ఐపీ ఏకచ్ఛత్రాధిపత్యం ఎంత ఈమధ్యదో తెలిసొస్తుంది.

1994 మార్చిలో లినక్స్ 1.0 వెలువడేనాటికి అందులో టీసీపీ/ఐపీ ఉంది. కానీ బయటి లోకం అప్పటికింకా ఆ దారికి రాలేదు. ఆఫీసుల్లో ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకోవాలంటే నోవెల్ వారి నెట్‌వేర్, దానికి ఐపీఎక్స్. మాక్‌లున్న చోట యాపిల్‌టాక్. డిజిటల్ కంపెనీ వాక్స్ యంత్రాలున్న పరిశోధనశాలల్లో డెక్‌నెట్. టెలికాం శాఖలదీ బ్యాంకులదీ 1976లో ప్రమాణంగా వచ్చిన ఎక్స్.25. బ్రిటన్ బడుల్లో ఏకార్న్ కంప్యూటర్లను కలిపింది ఎకోనెట్. డబ్బు పెట్టి కొనక్కర్లేని కొత్త సిస్టమ్‌ను ఆఫీసులోకి రానివ్వాలంటే అది అక్కడ అప్పటికే నడుస్తున్న ప్రొటోకాల్‌లో పలకాలి. అందుకే 1995 మార్చిలో వచ్చిన 1.2లోనే ఐపీఎక్స్ చోటు చేసుకుంది. 1996 నాటి 2.0లో యాపిల్‌టాక్, 2001 నాటి 2.4లో డెక్‌నెట్ కనిపించాయి. వీటిలో కొన్నిటికి తొలి రూపం ఇచ్చిన కెర్నెల్ డెవలపర్ అలాన్ కాక్స్ స్వయంగా హామ్ రేడియో ఆపరేటరు. రేడియో తరంగాల మీద ప్యాకెట్లు పంపే ఏఎక్స్.25 కెర్నెల్లోకి అంత తొందరగా రావడానికి అదీ ఒక కారణం.

మెనూలో వై కొట్టినంత మాత్రాన పని అయిపోయేది కాదు. ఐపీఎక్స్‌నే తీసుకోండి. ఐపీలో లాగా ఒక్కో యంత్రానికీ అడ్రసు రాసుకుంటూ పోనక్కర్లేదు. నెట్‌వర్క్ నంబరు నాలుగు బైట్లు, దాని వెనక ఈథర్‌నెట్ కార్డు నంబరే ఆరు బైట్లు, అంతే. చిక్కంతా ఫ్రేము దగ్గర వచ్చేది. ఒకే తీగ మీద ఐపీఎక్స్ నాలుగు రకాల ఫ్రేముల్లో ప్రయాణించగలదు: 802.2, 802.3, స్నాప్, ఈథర్‌నెట్-2. పాత నెట్‌వేర్ 802.3ని వాడేది, 3.12 నుంచి 802.2కి మారింది. సర్వరు ఒక రకంలో, లినక్స్ పెట్టె ఇంకో రకంలో ఉంటే ఒకదానికొకటి కనబడవు, ఎర్రర్ సందేశమూ రాదు. కేబుల్ మార్చి, కార్డు మార్చి, చివరికి ఫ్రేము సంగతి గుర్తొచ్చి తల పట్టుకున్న అడ్మినిస్ట్రేటర్లు ఆ రోజుల్లో కొల్లలు.

డెక్‌నెట్ తీరు వేరు. అందులో అడ్రసు 16 బిట్లు: మొదటి ఆరు ఏరియాకు, మిగతా పది నోడ్‌కు. ఏరియా 1, నోడ్ 10 అనుకుందాం. ఒకటిని 1024తో గుణించి పది కలిపితే 1034, హెక్సాలో 040ఏ. ఆ రెండు బైట్లనూ తిరగేసి, ముందు ఏఏ-00-04-00 చేర్చాలి. వచ్చిన ఏఏ-00-04-00-0ఏ-04 అనే సంఖ్యే ఇక ఆ ఈథర్‌నెట్ కార్డు అడ్రసు. ఫ్యాక్టరీలో వేసిన నంబరును పక్కన పెట్టి, నెట్‌వర్క్ మొదలుకాక ముందే దీన్ని ఎక్కించాలి. ఈ వరస తప్పితే డెక్‌నెట్ పలకదు. మన రైల్వే రిజర్వేషన్లు పెరిగింది కూడా డిజిటల్ వారి వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రాల మీదే. రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ మొదట అమలైంది 1994లో, సికింద్రాబాద్‌లో.

ఆ తర్వాత ఎమ్ కాలం వచ్చింది. డిస్ట్రిబ్యూషన్లు తయారుచేసేవాళ్లకు ఎవరి యంత్రంలో ఏది కావాలో తెలియదు కనుక అన్నిటికీ ఎమ్ కొట్టి పంపించారు. ప్రతి ప్రొటోకాల్ కుటుంబానికీ ఒక సంఖ్య ఉంది: ఐపీఎక్స్‌కు 4, యాపిల్‌టాక్‌కు 5, డెక్‌నెట్‌కు 12, ఎకోనెట్‌కు 19. ఏదైనా ప్రోగ్రాము ఆ సంఖ్యతో సాకెట్ అడిగితే చాలు, కెర్నెల్ తనంతట తానే మాడ్యూలును వెతికి ఎక్కించుకుంటుంది. వాడనివాళ్లకు డిస్కులో నాలుగు కిలోబైట్లు ఎక్కువ పోతాయంతే అనుకున్నారు. వైకి అవసరం కారణమైతే ఎమ్‌కు మొహమాటం కారణం.

ఆ మొహమాటం ఖరీదెంతో 2010 చివర్లో తెలిసింది. ఎకోనెట్ కోడ్‌లోని లోపాలను భద్రతా పరిశోధకుడు నెల్సన్ ఎల్హేజ్ బయటపెట్టారు. వాటికి కెర్నెల్లోని మరో లోపాన్ని జోడించి మామూలు యూజర్ రూట్ అధికారం ఎలా సంపాదించగలడో మరో పరిశోధకుడు డాన్ రోసెన్‌బర్గ్ చూపించారు. దాడికి గురైన యంత్రంలో ఎకోనెట్ కార్డు ఉండాల్సిన పనే లేదు. 19వ నంబరు సాకెట్ అడిగితే చాలు, కెర్నెల్ తలుపు తీసిపెట్టేది. దాంతో ఉబుంటు అరుదైన ప్రొటోకాళ్లకో జాబితా రాసి, ఏఎక్స్.25, ఎక్స్.25, డెక్‌నెట్, ఎకోనెట్ వంటివి వాటంతటవి ఎక్కకుండా ఆపేసింది. కావాలనుకున్న అడ్మినిస్ట్రేటరు చేత్తో ఎక్కించుకోవచ్చు.

ఇక తొలగింపులు మొదలయ్యాయి. 2012లో కెర్నెల్ 3.5 నుంచి ఎకోనెట్, టోకెన్ రింగ్ అనే పాత నెట్‌వర్క్ రకం రెండూ పోయాయి. నెట్‌వేర్ 1998లోనే నేరుగా ఐపీ మీదికి మారినా, ఐపీఎక్స్ మరో ఇరవై ఏళ్లు ఉండి 2018లో 4.18తో సెలవు తీసుకుంది. డెక్‌నెట్‌కు 2010 నుంచీ మెయింటెయినర్ లేడు. వాడేవాళ్ల కన్నా కోడ్ ఊడ్చి తుడిచేవాళ్లే దాన్ని ఎక్కువ ముట్టుకుంటున్నారని చెప్పి 2022లో 6.1 నుంచి తీసేశారు.

వయసు చూసి తీసేశారనుకుంటే పొరపాటు. డెక్‌నెట్ నాలుగో దశ వచ్చింది 1980లలో, ఎక్స్.25 అంతకన్నా పాతది. అయినా డెక్‌నెట్ పోయాక కూడా ఎక్స్.25 నిలిచింది. 2020 ప్రాంతంలో తొలగింపు మాట వచ్చినప్పుడు, దాన్ని ఇంకా వాడుకుంటున్న ఒక ఇంజనీరు ముందుకొచ్చి బాధ్యత నెత్తిన వేసుకోవడమే కారణం. యాపిల్ 2009లోనే వదిలేసిన యాపిల్‌టాక్‌ను, మాక్‌లతో ఫైళ్లు పంచుకునే నెటాటాక్ ప్రాజెక్టు కూడా 2012లో వదిలేసి, 2024లో 4.0తో తిరిగి తెచ్చుకుంది. పాత మాక్‌లను ప్రేమించేవాళ్లు మిగలడమే దానికి బలం. ఒక ప్రొటోకాల్‌ను కెర్నెల్లో నిలబెట్టేది వాడుకరుల లెక్క కాదు, దానికి వచ్చే తప్పులను దిద్దే మనిషి.

పాతవాటితో ఇంకా పని ఉన్నవాళ్లకు దారులు మూసుకుపోలేదు. డాస్‌బాక్స్ తన ఐపీఎక్స్ ప్యాకెట్లను యూడీపీలో చుట్టి పంపుతుంది కాబట్టి పాత డూమ్ ఆటకు కెర్నెల్ సాయమే అక్కర్లేదు. డెక్‌నెట్ మాట్లాడే ప్రోగ్రాములను కెర్నెల్ బయట రాసుకున్నవాళ్లున్నారు. తప్పనిసరైతే పాత కెర్నెల్‌ను వర్చువల్ మెషీన్‌లో విడిగా నడుపుకోవచ్చు. కోడ్ అంతా గిట్ చరిత్రలో భద్రంగానే ఉంది. మళ్లీ మెనూలోకి రావాలంటే మాత్రం, రేపు అందులో లోపం బయటపడితే నేను చూసుకుంటానని ఒకరు తమ పేరు రాసి ఇవ్వాలి.