బోరు మోటారు నుంచి బ్యాటరీ బండి దాకా: కోడేరు సీమలో కరెంటు బరువు

కోడేరు చుట్టుపక్కల కరెంటు తీగల సత్తాను మొదట పరీక్షించింది బోరు మోటారు. కొల్లాపూర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ నడుమనున్న ఈ సీమకు కృష్ణ దగ్గరే అయినా నీళ్లు పల్లాన, పొలాలు మెరకన. బావులు అడుగంటిన కొద్దీ బోర్లు లోతుకు దిగాయి. లోతు పెరిగిన కొద్దీ మోటార్ల హార్స్‌పవర్ పెరిగింది. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంపుసెట్లకు మీటరు లెక్క పోయి, హార్స్‌పవర్‌కు ఏడాదికింత అనే పద్ధతి వచ్చింది. 2000లో ఛార్జీల పెంపుపై రేగిన ఉద్యమం ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. 2004 మే 14న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం చేశారు. ఏ మోటారు ఎంత తాగిందో చెప్పే మీటరు ఇక పొలం గట్టుకు రాలేదు.

ఆ రోజుల్లో త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలుగా వచ్చేది. ఒక విడత తరచు అర్ధరాత్రి పడేది. చీకట్లో, పాముల భయంతో పొలానికి పోలేక రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. దాంతో కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ఇండక్షన్ మోటారు నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోయేది, వైండింగు కాలేది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోయేది. రైతులు చందాలు వేసుకుని దాన్ని ట్రాక్టరు మీద మరమ్మతుకు మోసుకెళ్లడం పాలమూరు పల్లెలకు పాత అలవాటు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా సాగుకు 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ప్రచారం చేయాల్సి వచ్చింది. రోజు మొత్తంలో ఎన్ని యూనిట్లు కాలాయన్నది ట్రాన్స్‌ఫార్మర్‌కు అంత ముఖ్యం కాదు. ఒకే నిమిషంలో ఎందరు స్విచ్చి వేశారన్నదే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

పైన పెద్ద లైన్లలోనూ ఇరుకు తక్కువేమీ కాదు. దక్షిణాది గ్రిడ్ చాలాకాలం మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. గద్వాలకు పొరుగునున్న రాయచూరు నుంచి సోలాపూర్‌కు వేసిన 765 కిలోవోల్టుల లైను 2013 డిసెంబరు 31న పనిలోకి రావడంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

బ్యాటరీ బండి వచ్చింది ఆ తర్వాతే. ఛార్జింగు పెట్టడం సేవే తప్ప కరెంటు అమ్మకం కాదనీ, దానికి లైసెన్సు అక్కర్లేదనీ కేంద్రం 2018 ఏప్రిల్‌లో తేల్చింది. 2020 అక్టోబరు 30న తెలంగాణ తన విద్యుత్ వాహనాల విధానాన్ని ప్రకటించింది. 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపును విస్తరించి 2026 డిసెంబరు 31 దాకా గడువు పెట్టింది.

పల్లెలో మొదట కనబడేది స్కూటరే. మూడు యూనిట్ల బ్యాటరీ నిండడానికి, నష్టాలతో కలిపి, మూడున్నర యూనిట్లు పడుతుంది. అది నాలుగైదు గంటల్లో లాగేది ముప్పావు కిలోవాటు, అంటే 5 హెచ్‌పీ మోటారులో ఐదో వంతు. పైగా దాని ఛార్జరు మోటారులా ఎగిసిపడదు, పవర్ ఫ్యాక్టరూ పాడుచేయదు. బోరు మోటారుతో పోలిస్తే ఇది నెమ్మదైన చుట్టమే.

చిక్కు వేళతో వస్తుంది. పొలం పనులో, పట్నం పనులో ముగించుకొని అందరూ ఇంటికి చేరే సాయంత్రం, దీపాలూ ఫ్యాన్లూ టీవీలూ నడుస్తున్నప్పుడే బండ్లనూ ప్లగ్గుకు తగిలిస్తారు. ఇవి సింగిల్ ఫేజ్ బరువులు. ఒక వీధి బండ్లన్నీ ఒకే ఫేజుపై పడితే మూడు ఫేజుల తూకం తప్పి, న్యూట్రల్ తీగ వేడెక్కుతుంది. పగలంతా వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి చల్లబడాలి. ఆ విరామం ఛార్జింగుకు పోతే లోపలి ఇన్సులేషన్ ఆయుష్షు తగ్గుతుంది. కార్ల కోసం పెట్టే 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జరు కథ వేరు. అది పదహారు 5 హెచ్‌పీ మోటార్లకు సమానం. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక్కటే మింగేస్తుంది. దానికి విడి ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ లైను కావాలి.

డిస్కం లెక్కల పుస్తకంలో ఈ బండి మంచి గిరాకీ, ఎందుకంటే దీని కరెంటు మీటరు గుండానే పోతుంది. అయితే ఇక్కడొక తమాషా ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. రోజూ మూడు యూనిట్లు తాగే స్కూటరు నెలకు 90 యూనిట్లవుతుంది. ఇల్లు 200 లోపే నిలిస్తే ఒకప్పటి పెట్రోలు ఖర్చు ప్రభుత్వ సబ్సిడీలోకి చేరుతుంది. దాటితే ఆ నెల బిల్లు ఇంటిమీద పడుతుంది.

వేళను మార్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1910ల అమెరికాలో కరెంటు కంపెనీలు రాత్రిపూట ఖాళీగా ఉండే జనరేటర్లకు పని కల్పించడానికే బ్యాటరీ కార్లను ప్రోత్సహించాయి. ఇప్పుడు సోలార్ వల్ల ఆ ఖాళీ మధ్యాహ్నానికి జరిగింది. అందుకే పబ్లిక్ ఛార్జింగు స్టేషన్లకిచ్చే కరెంటు ధర ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా వ్యయంలో 70 శాతం, మిగతా వేళల్లో 130 శాతం ఉండాలని 2024 సెప్టెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి.

కోడేరు సీమలో అసలు పెద్ద బరువులు ఎత్తిపోతల పంపులవి. కల్వకుర్తి ఎత్తిపోతలలో ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దశలు మూడింటిలోనూ 30 మెగావాట్ల పంపులు ఐదేసి ఉన్నాయి. ఒక్క పంపు నలభై వేల స్కూటర్లు ఒకేసారి ఛార్జింగు పెట్టినంత. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో ప్రారంభించిన పాలమూరు–రంగారెడ్డి పంపు 145 మెగావాట్లది; ఇళ్ల దగ్గర 7.2 కిలోవాట్ల ఛార్జర్లతో ఇరవై వేల కార్లకు సమానం. 2025 మార్చి 20న తెలంగాణ గరిష్ఠ గిరాకీ 17,162 మెగావాట్లకు చేరిందంటే, యాసంగి సాగు వాటా అందులో పెద్దదే. పంపులను పగటికి జరపవచ్చు. ఇంటికొచ్చిన బండ్ల సాయంత్రపు గిరాకీని మాత్రం త్వరగా లేచే జలవిద్యుత్తే బాగా మోస్తుంది: జూరాల, దిగువ జూరాల, 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు. శ్రీశైలం యూనిట్లు మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైన వేళ మళ్లీ కిందికి వదలగలవు. జలాశయంలో నీళ్లున్నంత కాలం.